మొబైల్ బ్రౌజర్ల ప్రమాణాల పరీక్ష: ఏ సాధనం ఎవరికి, ఎంతవరకు

కొత్త సీఎస్‌ఎస్ (వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) లక్షణం ఒకటి వాడాలనుకుంటారు. కంప్యూటర్‌లో బాగానే ఉంది. ఫోన్లలో పనిచేస్తుందా అని వెతికితే ఒక పట్టిక అంతా పచ్చగా కనిపిస్తుంది. ఇంకో సైట్ ఆ బ్రౌజర్‌కు 555కి ఇన్ని మార్కులంటుంది. మరో చోట పాస్ శాతాలుంటాయి. తీరా పాత ఫోన్‌లో తెరిచి చూస్తే పేజీ అడ్డదిడ్డంగా వస్తుంది. ఎవరి మాట నమ్మాలి?

అందరూ నిజమే చెబుతుండవచ్చు. ఒకటి "ఈ లక్షణం బ్రౌజర్‌లో ఉందా" అని చూస్తుంది. ఇంకొకటి "ప్రమాణంలో, అంటే బ్రౌజర్లన్నీ పాటించాల్సిన ఉమ్మడి నియమావళిలో, రాసినట్టే నడుస్తోందా" అని చూస్తుంది. మూడోది "ఈ ఫోన్‌లో, ఇప్పుడు, ఏం జరుగుతోంది" అని చూస్తుంది. మీ ప్రశ్న వీటిలో ఏదో ముందు తేల్చుకుంటే సాధనం ఎంచుకోవడం తేలిక. నా అభిప్రాయం దాచుకోను: చాలామందికి ఒక మంచి పట్టిక, సొంతంగా రాసుకున్న చిన్న పరీక్ష పేజీ, రెండు నిజమైన ఫోన్లు చాలు. మిగతావి ప్రత్యేక అవసరాలకు.

## ముందు ఇంజన్లు లెక్కపెట్టండి

ఫోన్‌లో పది బ్రౌజర్లు వేసి పదింటిలోనూ పరీక్షించేవాళ్లు ఉన్నారు. అంత శ్రమ అక్కర్లేదు. ప్రమాణాలను అమలు చేసేది బ్రౌజర్ పేరు కాదు, కోడ్ చదివి పేజీని గీసే లోపలి ఇంజన్.

ఐఫోన్‌లో ఏళ్ల తరబడి అన్ని బ్రౌజర్లూ ఆపిల్ వారి వెబ్‌కిట్‌నే వాడాలనేది నియమం. 2024 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 17.4తో యూరోపియన్ యూనియన్‌లో వేరే ఇంజన్లకు దారి తెరిచారు. కానీ ఐఫోన్‌లో క్రోమ్ అంటే ఇప్పటికీ వెబ్‌కిట్ అనుకునే పని మొదలుపెట్టడం మంచిది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఐఫోన్‌లోని వెబ్‌కిట్ వెర్షన్ ఐఓఎస్ వెర్షన్‌తో ముడిపడి ఉంటుంది. క్రోమ్ యాప్‌ను అప్‌డేట్ చేసినా లోపలి ఇంజన్ మారదు. ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది. ఐఫోన్ 6ఎస్, 7 ఐఓఎస్ 15 దగ్గర ఆగాయి. ఆ ఫోన్లలో ఏ బ్రౌజర్ వేసినా ఆ కాలపు ఇంజనే.

ఆండ్రాయిడ్‌లో కథ వేరు. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నీ బ్లింక్ ఇంజన్ మీదే నడుస్తాయి, అయితే అన్నీ ఒకే వెర్షన్ మీద ఉండవు. శామ్‌సంగ్ ఇంటర్నెట్ సాధారణంగా క్రోమ్ కంటే కొన్ని వెర్షన్లు వెనక ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌ది గెకో ఇంజన్, నిజంగా వేరే జాతి. వీటికి తోడు యాప్‌ల లోపల పేజీలు చూపించే వెబ్‌వ్యూ ఉంది. చాలా టెస్టింగ్ ప్రణాళికల్లో మర్చిపోయేది దీన్నే. అదీ బ్లింకే అయినా, వెబ్ నోటిఫికేషన్లు అందులో లేవు. ఫైల్ ఎంచుకునే ఇన్‌పుట్ కూడా ఆ యాప్ రాసినవాళ్లు ప్రత్యేకంగా కోడ్ రాస్తేనే తెరుచుకుంటుంది.

ఒపెరా మినీ ఎక్స్‌ట్రీమ్ మోడ్‌ది మరో దారి. పేజీని సర్వర్‌లోనే తయారుచేసి, కుదించి ఫోన్‌కు పంపుతుంది. జావాస్క్రిప్ట్ కూడా కొంతవరకు అక్కడే నడుస్తుంది. దీన్ని మామూలు బ్రౌజర్‌తో ఒకే కొలతలో పెట్టడం కుదరదు. మీ పాఠకులు అది వాడుతుంటే, జావాస్క్రిప్ట్ లేకుండా పేజీ చదవడానికి వీలుగా ఉందో లేదో చూసుకోండి. పరీక్ష అంతే.

కాబట్టి నిజంగా లెక్కించాల్సినవి: ఐఓఎస్ వెబ్‌కిట్, ఆండ్రాయిడ్ క్రోమ్, ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ, ఫైర్‌ఫాక్స్. ప్రతిదానికీ కొత్త వెర్షన్ ఒకటి, మీరు వదులుకోలేని పాత వెర్షన్ ఒకటి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముఖ్యమైన గీటురాయి: సాధనం ఉనికిని చూస్తోందా, ప్రవర్తనను చూస్తోందా? దీనికి నాకు తెలిసిన ఉత్తమ ఉదాహరణ ఫ్లెక్స్ గ్యాప్. గ్రిడ్, ఫ్లెక్స్‌బాక్స్ (ఫ్లెక్స్) అనేవి పేజీలో పెట్టెలను పేర్చే రెండు పద్ధతులు, గ్యాప్ ఆ పెట్టెల మధ్య ఖాళీ. సీఎస్‌ఎస్‌లో గ్యాప్ లక్షణం మొదట గ్రిడ్ కోసం వచ్చింది, తర్వాత ఫ్లెక్స్‌బాక్స్‌కూ వర్తించింది. సఫారీలో ఫ్లెక్స్‌కు గ్యాప్ వచ్చింది 2021లో, ఐఓఎస్ 14.5తో. అంతకుముందు సఫారీని "నీకు గ్యాప్ తెలుసా" అని కోడ్‌తో అడిగితే తెలుసనేది. అబద్ధం కాదు, గ్రిడ్‌లో తెలుసు. ఫ్లెక్స్‌లో మాత్రం పెట్టెలన్నీ ఒకదానికొకటి అతుక్కుని కనిపించేవి. ఉనికి పరీక్ష మీద మాత్రమే ఆధారపడినవాళ్లంతా బోల్తా పడ్డారు.

రెండోది, ఫలితం ఎక్కడ నుంచి వచ్చింది? మొబైల్ అని రాసి ఉన్న అంకె నిజంగా ఫోన్‌లో పుట్టిందా, డెస్క్‌టాప్ ఫలితాన్ని చూసి ఊహించుకున్నదా అన్నది కనుక్కోవాలి.

మూడోది, ఫోన్‌కే ప్రత్యేకమైన సంగతులు పరీక్షలో పడుతున్నాయా? ముడుచుకునే అడ్రస్ బార్, పైకి లేచే కీబోర్డ్, తాకిడి, అనుమతుల పెట్టెలు, వేరే యాప్‌లోకి వెళ్లి తిరిగి రావడం. నా అనుభవంలో మొబైల్ తలనొప్పుల్లో ఎక్కువ వాటా వీటిదే. ఆటోమేటిక్ పరీక్షలకు అందనివి కూడా ఎక్కువగా ఇవే.

వెర్షన్ల సంగతి, మీ దగ్గర ఉన్న పరికరాలు, సమయం కూడా లెక్కలోకి వస్తాయి. ఐఫోన్ సిమ్యులేటర్‌కు మ్యాక్ కావాలి. మ్యాక్ లేనివాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే, వాదించి లాభం లేదు.

## మార్కులు వేసే పరీక్షలు

ఆసిడ్3 పేరు పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2008 మార్చిలో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ విడుదల చేసింది, రాసినవాళ్లలో ముఖ్యుడు ఇయాన్ హిక్సన్. నూటికి మార్కులు. బ్రౌజర్ తయారీదారులు నూరు కోసం పోటీ పడ్డారు. ఫైర్‌ఫాక్స్ 4 మాత్రం 97 దగ్గర ఆగింది. ఎస్‌వీజీ ఫాంట్లు అనే అంశాన్ని అమలు చేయకూడదని మొజిల్లా నిర్ణయించుకుంది. ఆ అంశం తర్వాత వెబ్‌లో నిలవలేదు. 2011లో పరీక్షనే కొంత సడలించాల్సి వచ్చింది. తక్కువ మార్కులు వచ్చిన బ్రౌజర్‌దే సరైన నిర్ణయం కావచ్చని ఇంతకంటే బాగా చెప్పే సందర్భం దొరకదు.

అదే 2008లో వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ వైపు నుంచి మొబైల్ బ్రౌజర్లకు ప్రత్యేకంగా ఒక పరీక్ష వచ్చింది. పన్నెండు సాంకేతికతలకు పన్నెండు చతురస్రాలు. పాస్ అయితే పచ్చ. పారదర్శక పీఎన్‌జీ, కాన్వాస్, మీడియా క్వెరీలు, ఎస్‌వీజీ వంటివి అందులో ఉండేవి. ఆనాటి ఫోన్లలో చాలా చతురస్రాలు ఎర్రగానే మిగిలేవి. ఈనాటి ఫోన్‌కు ఆ పరీక్ష ఏమీ చెప్పలేదు, అంతా ఎప్పుడో దాటేసిన దశ.

హెచ్‌టీఎమ్‌ఎల్5టెస్ట్ వీటికంటే ఎక్కువ ప్రచారం పొందింది. మొత్తం 555 మార్కులు. ఫోన్ సమీక్షల్లో ఒకప్పుడు ఈ అంకె తప్పనిసరిగా కనిపించేది. అయితే అది చాలావరకు ఉనికినే చూసేది, ఏ అంశానికి ఎన్ని మార్కులన్నది దాన్ని తయారుచేసినవారి అంచనా. మీకు అవసరమైన అంశానికి ఐదు, ఎప్పటికీ వాడని అంశానికి పదిహేను ఉండవచ్చు. పైగా దాని నిర్వహణ చాలాకాలంగా ఆగిపోయింది.

ఇవాళ ఎవరైనా ఒక మొబైల్ బ్రౌజర్‌ను ఇలాంటి స్కోరుతో మీకు అమ్మజూపితే ఆ అంకెను పక్కన పెట్టేయండి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే తప్ప వీటితో పని లేదు.

## పట్టికలు: కెన్ ఐ యూజ్, ఎమ్‌డీఎన్, బేస్‌లైన్

రోజువారీ పనికి మొదట తెరవాల్సింది ఇవే. కెన్ ఐ యూజ్‌లో ఒక లక్షణం పేరు కొడితే ఐఓఎస్ సఫారీ, ఆండ్రాయిడ్ క్రోమ్, శామ్‌సంగ్ ఇంటర్నెట్, ఒపెరా మినీ, యూసీ బ్రౌజర్ ఇలా విడివిడిగా నిలువు వరుసలు వస్తాయి. రంగు చూసి వెళ్లిపోవద్దు. కింద ఉండే గమనికలు, తెలిసిన సమస్యల విభాగమే అసలు సరుకు. పాక్షిక మద్దతు అని ఉంటే ఏ భాగం లేదో అక్కడే రాసి ఉంటుంది.

ఒక లోపం మాత్రం మొబైల్ వాళ్లు గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్ క్రోమ్‌కు కెన్ ఐ యూజ్ తాజా వెర్షన్ ఒక్కదాన్నే చూపిస్తుంది. అందరూ అప్‌డేట్ అయిపోతారన్నది దాని వెనక ఊహ. నిజానికి పాత ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ఒక చోట ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ 5కు ఆఖరి క్రోమ్ 95. ఆండ్రాయిడ్ 6కు 106. ఆండ్రాయిడ్ 7కు 119. ఆండ్రాయిడ్ 8, 9లకు 138. డీవీహెచ్ అనే ఎత్తు కొలత క్రోమ్‌లోకి 108తో వచ్చింది. అంటే ఆండ్రాయిడ్ 6 ఫోన్‌లోని క్రోమ్ ఎప్పటికీ దాన్ని చూడదు. పట్టికలో మాత్రం ఆండ్రాయిడ్ క్రోమ్ పచ్చగానే ఉంటుంది. ఇలాంటి చోట వెబ్ డెవలపర్ల సమాచార సైట్ ఎమ్‌డీఎన్ మేలు. ప్రతి లక్షణం కింద ఏ వెర్షన్ నుంచి మద్దతు మొదలైందో రాస్తుంది, ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూకు వేరే వరుస కూడా ఇస్తుంది.

బేస్‌లైన్ 2023లో వచ్చిన ఆలోచన. డెస్క్‌టాప్, మొబైల్ కలిపి క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ అన్నిటిలోనూ ఒక లక్షణం చేరితే "కొత్తగా అందుబాటులో ఉంది" అంటారు. అక్కడి నుంచి 30 నెలలు గడిస్తే "విస్తృతంగా అందుబాటులో ఉంది" అంటారు. ఇందాకటి డీవీహెచ్‌నే తీసుకుంటే, సఫారీకి 2022 మార్చిలో 15.4తో వచ్చింది, క్రోమ్, ఎడ్జ్ 108లతో 2022 డిసెంబరు నాటికి అన్నిటిలో చేరింది, 2025 జూన్‌లో విస్తృత స్థాయికి చేరింది. తర్జనభర్జన లేకుండా బృందమంతా ఒక్క మాట మీద ఉండటానికి ఇది బాగా పనికొస్తుంది. "విస్తృత స్థాయిలో ఉన్నవే వాడదాం" అని ఒక్క వాక్యం రాసుకుంటే సగం వాదనలు ఆగిపోతాయి. అయితే శామ్‌సంగ్ ఇంటర్నెట్, వెబ్‌వ్యూ, ఒపెరా మినీ ఈ లెక్కలో లేవు. 30 నెలల గడువు కూడా సగటు మీద కట్టిన అంచనాయే. మీ సందర్శకుల్లో పాత ఫోన్లు ఎక్కువైతే ఆ గడువు సరిపోదు.

## వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్, ఇంటరాప్

ప్రవర్తన సంగతి తేల్చాలంటే ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. డబ్ల్యూపీటీ అని పిలిచే ఈ పరీక్షల సంకలనాన్ని బ్రౌజర్ తయారీదారులే కలిసి పెంచుతున్నారు. ప్రమాణంలో కొత్త వాక్యం చేరితే దానికి పరీక్ష కూడా చేరాలన్న పద్ధతి చాలా విభాగాల్లో నడుస్తోంది. కొన్ని పరీక్షలు జావాస్క్రిప్ట్‌తో విలువలు సరిచూస్తాయి. కొన్ని రెండు పేజీలను గీయించి, బొమ్మలు ఒకేలా వచ్చాయో లేదో పోలుస్తాయి. ఫ్లెక్స్ గ్యాప్ లాంటి తప్పు ఈ రెండో రకానికి ఇట్టే దొరుకుతుంది. జావాస్క్రిప్ట్ భాషకు మాత్రం టెస్ట్262 అని వేరే సంకలనం ఉంది.

ఫలితాలు డబ్ల్యూపీటీ.ఎఫ్‌వైఐలో బహిరంగంగా ఉంటాయి. ఇక్కడే జాగ్రత్త పడాలి. మొదటి పేజీలో కనిపించే వరుసలు డెస్క్‌టాప్ బ్రౌజర్లవి. అక్కడ సఫారీ అంటే మ్యాక్ సఫారీ. దాన్ని చూసి ఐఫోన్ గురించి ఒక అంచనాకు రావచ్చు గానీ రుజువుగా చూపలేం. మొబైల్‌లో ఈ పరీక్షలు నడపడం ఎంత కష్టమంటే, 2023, 2024, 2025 ఇంటరాప్‌లలో మొబైల్ టెస్టింగ్‌ను వరుసగా పరిశోధన అంశంగానే పెట్టారు. ఇంటరాప్ అంటే ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, ఇగాలియా వంటివి ఏటా కొన్ని అంశాలు ఎంచుకుని, వాటిలో అన్ని ఇంజన్లూ ఒకేలా నడిచేలా చేసే ఉమ్మడి ప్రయత్నం. 2021లో కంపాట్ పేరుతో మొదలై 2022 నుంచి ఈ పేరుతో సాగుతోంది.

మొత్తం పాస్ శాతంతో బ్రౌజర్లకు ర్యాంకులు ఇవ్వకండి. ఉప పరీక్షలు అంశాల ప్రాముఖ్యాన్ని బట్టి పంచినవి కావు. అక్షర ఎన్‌కోడింగ్ ఫోల్డర్‌లో కుప్పలు తెప్పలుగా ఉంటాయి, రోజూ వాడే లక్షణానికి పదుల్లోనే ఉండవచ్చు. ఫోల్డర్ తెరిచి, మీకు కావాల్సిన ఒక్క పరీక్ష చూడటమే సరైన వాడకం.

చాలామందికి తెలియని సౌకర్యం ఇంకొకటుంది. ఇవే పరీక్షలు డబ్ల్యూపీటీ.లైవ్‌లో నేరుగా తెరవవచ్చు. ఫోన్ బ్రౌజర్‌లో ఆ చిరునామా తెరిచి, జావాస్క్రిప్ట్ రకం పరీక్ష ఒకటి నొక్కితే అక్కడే పాస్, ఫెయిల్ కనిపిస్తాయి. డెస్క్‌టాప్ ఫలితాన్ని ఊహతో ఫోన్‌కు అన్వయించాల్సిన అవసరం అక్కడితో పోతుంది.

## కంప్యూటర్‌లోనే ఫోన్ చూపించేవి

క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో ఐఫోన్ ఎంచుకుంటే తెర కొలతలు, తాకిడి, యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన పేరు, వెర్షన్ చెప్పుకునే వాక్యం) మారతాయి. ఇంజన్ బ్లింక్‌గానే ఉంటుంది. వేషం మారింది, మనిషి మారలేదు. లేఅవుట్ ఇరుకు తెరలో ఎలా సర్దుకుంటుందో చూడటానికి భేషుగ్గా ఉంటుంది. ప్రమాణాల మద్దతు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పదు. అయినా "ఐఫోన్‌లో టెస్ట్ చేశాం" అని ఈ స్క్రీన్‌షాట్ జోడించే రిపోర్టులు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

ఆపిల్ వారి ఎక్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఐఓఎస్ సిమ్యులేటర్ దీనికంటే ఎన్నో రెట్లు నయం. అందులో నడిచేది నిజంగా ఐఓఎస్ వెబ్‌కిట్. పాత ఐఓఎస్ వెర్షన్లు కొన్ని దించుకోవచ్చు కూడా. కెమెరా, వేగం, మెమరీ ఒత్తిడి వంటివి మాత్రం తేలవు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. పాత సిస్టమ్ ఇమేజ్ తెచ్చుకుంటే దానితో పాటు వచ్చిన పాత వెబ్‌వ్యూ దొరుకుతుంది. వెబ్‌వ్యూను నమ్ముకుని యాప్ నడిపేవాళ్లకు ఇది వరం.

బ్రౌజర్లను ఆటోమేటిక్‌గా నడిపే సాధనం ప్లేరైట్‌లో వెబ్‌కిట్ ఉందని, అదే సఫారీ అనుకుంటారు కొందరు. అది వెబ్‌కిట్ మూలం నుంచి కట్టిన వేరే బిల్డ్. ప్రతి మార్పుకూ ఆటోమేటిక్‌గా నడిపి, పగుళ్లు తొందరగా పట్టుకోవడానికి బాగుంటుంది. వీడియో, ఆడియో ఫార్మాట్ల విషయంలో, ఫోన్ ప్రవర్తన విషయంలో దాని తీర్పు చెల్లదు.

## నిజమైన ఫోన్లు, అద్దె ఫోన్లు

చివరికి అందరూ వచ్చి చేరేది ఇక్కడికే. ఎన్ని ఫోన్లు అన్నదే ప్రశ్న. రెండు చాలని నా మాట: మీరు వదులుకోలేని అత్యంత పాత ఆండ్రాయిడ్ ఒకటి, కొత్త ఐఓఎస్‌కు ఇక అప్‌డేట్ కాని ఐఫోన్ ఒకటి. కొత్త ఫోన్ ఎలాగూ బృందంలో ఎవరో ఒకరి జేబులో ఉంటుంది.

ఆండ్రాయిడ్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి కంప్యూటర్ క్రోమ్‌లోంచే తనిఖీ చేయవచ్చు. ఐఫోన్‌కు వెబ్ ఇన్‌స్పెక్టర్ సెట్టింగ్ ఆన్ చేసి మ్యాక్‌కు కలపాలి.

బ్రౌజర్‌స్టాక్, సాస్ ల్యాబ్స్ లాంటి సేవలు నిజమైన ఫోన్లను దూరం నుంచి వాడుకోనిస్తాయి. మ్యాక్ లేనివాళ్లు ఐఫోన్ చూడాలన్నా, వెర్షన్ల వైవిధ్యం కావాలన్నా ఇవే దారి. తాకిడి సున్నితత్వం, స్క్రోల్ ఊపు, ముడుచుకునే అడ్రస్ బార్ వంటివి వీడియో ప్రసారం గుండా చూస్తే సరిగా తెలియవు. సెన్సర్లు, నోటిఫికేషన్లలో కూడా పరిమితులుంటాయి. ఎన్ని వెర్షన్లలో లేఅవుట్ విరిగిందో చూడటానికి అద్దె ఫోన్, ఎందుకు విరిగిందో చూడటానికి చేతిలో ఫోన్.

## కోడ్‌లోనే అడిగి తెలుసుకోవడం

సీఎస్‌ఎస్‌లోని సపోర్ట్స్ నియమం, జావాస్క్రిప్ట్‌లో ఒక వస్తువు ఉందో లేదో చూడటం: ఇవి పరీక్షా సాధనాలు కూడా. పట్టికలు గతాన్ని చెబుతాయి, ఇది ఆ సందర్శకుడి ఫోన్‌లో అప్పటికప్పుడు చెబుతుంది. యూజర్ ఏజెంట్ చదివి ఊహించడం కంటే ఎంతో మేలు. ఆండ్రాయిడ్ క్రోమ్ 2023 నుంచి యూజర్ ఏజెంట్‌లో ఏ ఫోన్ అయినా ఆండ్రాయిడ్ 10 అనే రాస్తోంది. ఐప్యాడ్ సఫారీ 2019 నుంచి తనను మ్యాక్‌గా చెప్పుకుంటోంది.

బలహీనత ఉనికి పరీక్షదే, ఫ్లెక్స్ గ్యాప్ కథే. ఐఓఎస్‌లో వెబ్ పుష్ (వెబ్‌సైట్ పంపే నోటిఫికేషన్లు) ఇంకో రకం మెలిక: 16.4తో వచ్చింది గానీ, హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న వెబ్ యాప్‌లకే. అదే ఫోన్‌లో, అదే సఫారీలో, మామూలు ట్యాబ్‌లో అడిగితే లేదని వస్తుంది. జవాబు బ్రౌజర్‌ను బట్టే కాదు, పేజీ ఎలా తెరిచారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

## ఒక చూపులో

| సాధనం | ఉనికి తేలుతుందా | ప్రవర్తన తేలుతుందా | ఫోన్ ప్రత్యేకతలు | ఏం కావాలి |
|---|---|---|---|---|
| ఆసిడ్3, హెచ్‌టీఎమ్‌ఎల్5టెస్ట్ | పాత అంశాలకే | చాలా తక్కువ | లేదు | ఫోన్ |
| కెన్ ఐ యూజ్, ఎమ్‌డీఎన్ | అవును | గమనికలు చదివితే కొంత | కొంత | ఏమీ వద్దు |
| బేస్‌లైన్ | అవును | కొంత | లేదు | ఏమీ వద్దు |
| డబ్ల్యూపీటీ ఫలితాలు | అవును | బాగా | తక్కువ, డెస్క్‌టాప్ ప్రధానం | ఓపిక |
| డబ్ల్యూపీటీ.లైవ్ ఫోన్‌లో | అవును | బాగా | కొంత | ఫోన్ |
| డెవలపర్ టూల్స్ ఫోన్ మోడ్ | కాదు | కాదు | తెర కొలతలే | కంప్యూటర్ |
| సిమ్యులేటర్, ఎమ్యులేటర్ | అవును | అవును | సగం | ఐఓఎస్‌కు మ్యాక్ |
| అద్దె ఫోన్లు | అవును | అవును | చాలావరకు | చందా |
| సొంత ఫోన్, సొంత పేజీ | అవును | మీరు రాసినంత | పూర్తిగా | ఫోన్, సమయం |

## సొంత పరీక్ష పేజీ ఎలా ఉండాలి

మీ సైట్ నిజంగా ఆధారపడే అంశాల జాబితా రాయండి. పది పదిహేను దాటవు. ప్రతిదానికీ ఉనికిని అడగకుండా ఫలితాన్ని కొలిచే పరీక్ష రాయండి. ఫ్లెక్స్ గ్యాప్‌కు ఇలా: నిలువు ఫ్లెక్స్ డబ్బాలో రెండు ఖాళీ పెట్టెలు పెట్టి, గ్యాప్ ఒక పిక్సెల్ అని ఇచ్చి, డబ్బా ఎత్తు కొలవండి. ఒకటి వస్తే ఉంది, సున్నా వస్తే లేదు. ఇదే పద్ధతి చాలా లేఅవుట్ లక్షణాలకు సరిపోతుంది.

పేజీ పైభాగంలో యూజర్ ఏజెంట్, విండో ఎత్తు, విజువల్ వ్యూపోర్ట్ (తెర మీద నిజంగా కనిపించే భాగం) ఎత్తు అక్షరాల్లో చూపించండి. స్క్రీన్‌షాట్ పంపినవాళ్లను మళ్లీ వివరాలు అడగాల్సిన పని ఉండదు. ఆ తర్వాత చేత్తో చేసేవి: అడ్రస్ బార్ ముడుచుకునేదాకా స్క్రోల్ చేయండి, ఒక ఇన్‌పుట్ నొక్కి కీబోర్డ్ తెప్పించండి, ఫోన్ తిప్పండి, వేరే యాప్‌లోకి వెళ్లి కాసేపాగి రండి, అక్షరాల సైజు పెంచి చూడండి. కీబోర్డ్ విషయంలో ఆండ్రాయిడ్ క్రోమ్ 108కి ముందు, తర్వాత ప్రవర్తన వేరు. అంతకుముందు కీబోర్డ్ లేస్తే లేఅవుట్ మొత్తం కుదించుకునేది, ఆ తర్వాత ఐఓఎస్ లాగే కనిపించే భాగం మాత్రమే తగ్గుతుంది. కింద అతికించిన బటన్ కీబోర్డ్ చాటుకు పోయిందంటే కారణం అక్కడ వెతకండి.

ఇంకొక ఉచ్చు అనవసరమైన టెన్షన్ పెడుతుంది. ల్యాప్‌టాప్‌లో సర్వర్ నడిపి, దాని ఐపీ చిరునామాను ఫోన్‌లో తెరుస్తారు. సర్వీస్ వర్కర్ (వెనక నడిచే స్క్రిప్ట్) లేదు, క్లిప్‌బోర్డ్ లేదు, లొకేషన్ రాదు. బ్రౌజర్‌కు మద్దతు లేదని రాసేసుకుంటారు. ఇవన్నీ హెచ్‌టీటీపీఎస్ మీదే పనిచేసేవి. లోకల్‌హోస్ట్‌కు (పరికరం తనకు తానే వాడుకునే చిరునామాకు) ఉన్న మినహాయింపు ఐపీ చిరునామాకు ఉండదు. ఆండ్రాయిడ్‌లో కేబుల్ కలిపి క్రోమ్ తనిఖీ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే ఫోన్‌లోనూ లోకల్‌హోస్ట్‌గా తెరుచుకుంటుంది. ఐఫోన్‌కైతే పేజీని నిజమైన హెచ్‌టీటీపీఎస్ చిరునామాలో పెట్టడమే సులువు. ఐఓఎస్ లాక్‌డౌన్ మోడ్, యాడ్ బ్లాకర్లు, ప్రైవేట్ ట్యాబ్‌లు కూడా ఫలితాలను మారుస్తాయి. పరీక్షకు ముందు అవి ఆపేయండి, లేదా ఆన్‌లో ఉన్నాయని రాసి పెట్టండి.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

ఒంటరిగా సైట్లు చేసేవాళ్లు: బేస్‌లైన్ విస్తృత స్థాయిని హద్దుగా పెట్టుకోండి. హద్దు దాటాల్సి వస్తే ఎమ్‌డీఎన్‌లో వెర్షన్ చూసి, సపోర్ట్స్ నియమంతో ప్రత్యామ్నాయం రాయండి. పాత ఆండ్రాయిడ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. చందా సేవలు మొదట్లోనే అక్కర్లేదు, ఐఫోన్ బొత్తిగా అందుబాటులో లేకపోతే తప్ప.

యాప్ లోపల వెబ్ పేజీలు నడిపే బృందాలు: మీకు బేస్‌లైన్ సగమే పనికొస్తుంది. ఎమ్‌డీఎన్‌లోని వెబ్‌వ్యూ వరుస చూడండి, ఎమ్యులేటర్‌లో పాత సిస్టమ్ ఇమేజ్‌లు పెట్టుకోండి. సొంత పరీక్ష పేజీని బ్రౌజర్‌లో కాకుండా మీ యాప్ లోపలే తెరవండి. క్రోమ్‌లో పాస్ అయిన ఫైల్ అప్‌లోడ్ అక్కడ చచ్చుబడి ఉండటం మామూలే.

ఇతరులు వాడే లైబ్రరీ రాసేవాళ్లు: మీ కోడ్ ఏ ఫోన్‌కు చేరుతుందో మీకు తెలియదు. ప్లేరైట్‌తో ప్రతి మార్పుకూ మూడు ఇంజన్లలో నడపండి. విడుదలకు ముందు అద్దె ఫోన్లలో పాత వెర్షన్లు చూడండి. ప్రవర్తనలో తేడా కనిపిస్తే డబ్ల్యూపీటీలో దానికి పరీక్ష ఉందో వెతకండి. ఏ ఇంజన్‌ది తప్పో, మీ కోడ్‌దే తప్పో అక్కడ తేలుతుంది.

బ్రౌజర్లను పోల్చి రాసేవాళ్లు, ఏది వాడాలో తేల్చాల్సినవాళ్లు: ఒకే ఐఫోన్‌లో రెండు వెబ్‌కిట్ బ్రౌజర్లను ప్రమాణాల మీద పోల్చడం వృథా, తేడా దాదాపు రాదు. అక్కడ తేడా యాప్ సౌకర్యాలది, ప్రైవసీది. ఆండ్రాయిడ్‌లో మాత్రం క్రోమ్‌కూ ఫైర్‌ఫాక్స్‌కూ నిజమైన పోలిక ఉంది. మీరు పట్టించుకునే అంశాల డబ్ల్యూపీటీ పరీక్షలను రెండింటిలోనూ ఫోన్‌లో తెరిచి చూడండి. ఫలితం రాసేటప్పుడు బ్రౌజర్ వెర్షన్, ఫోన్ సిస్టమ్ వెర్షన్, తేదీ మూడూ రాయండి.

ఏ కోవకు చెందినవారైనా, ఫోన్‌లో ప్రమాణానికి విరుద్ధమైన ప్రవర్తన పట్టుకుంటే వెబ్‌కిట్, క్రోమియం, మొజిల్లా బగ్ ట్రాకర్లు అందరికీ తెరిచే ఉన్నాయి. మొత్తం సైట్ లింకు పంపితే ఎవరూ తవ్వరు. ఇరవై ముప్పై పంక్తులకు కుదించిన పేజీ, ప్రమాణంలో సంబంధిత భాగం, ఉంటే డబ్ల్యూపీటీ పరీక్ష లింకు పెట్టండి. పరీక్ష లేకపోతే మీరే రాసి డబ్ల్యూపీటీకి పంపవచ్చు. ఒకసారి అక్కడ చేరితే మూడు ఇంజన్లవాళ్ల ముందూ ఆ ఎర్రగడి కనిపిస్తూనే ఉంటుంది.